వంద టన్నుల డంపరులో ముప్పై టన్నులు

దసరా ముందు లాభాల వాటా, దీపావళి ముందు బోనస్. గోదావరిఖనిలో ఏడాది మొత్తం మీద షోరూముల వాళ్లు కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూసే నెలన్నర ఇదే. 2024-25 లాభం 2,360 కోట్లలో 34 శాతాన్ని సింగరేణి తన దాదాపు 41 వేల మంది పర్మనెంట్ ఉద్యోగులకు పంచింది. సగటున తలా 1,95,610 రూపాయలు. దాని వెనకే వచ్చిన దీపావళి బోనస్ 1,03,000. రెండూ కలిపితే మూడు లక్షలకు కాస్త తక్కువ. ఇది సగటు లెక్క. మస్టర్లను బట్టి, చేసే పనిని బట్టి ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ. అదే వాటా కింద కాంట్రాక్టు కార్మికుడికి దక్కింది 5,500, కాబట్టి కార్ల ముచ్చట మొదలుపెట్టగానే బొగ్గుబాయి మీద పనిచేసే అందరి గురించీ మాట్లాడుతున్నట్టు అనుకోవద్దు. కానీ తండ్రి ఉద్యోగం కారుణ్య నియామకం కింద తనకు వచ్చిన కుర్రవాడు, డిప్లొమా చేసి ఓవర్‌మన్ అయినవాడు, ఇంజనీరింగ్ చదివి అధికారిగా చేరినవాడు ఇవాళ ఈ ప్రాంతంలో వేల మంది ఉన్నారు. తండ్రి సైకిల్ మీద డ్యూటీకి పోయాడు. కొడుకు టార్క్ ఎంత, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు అని అడుగుతున్నాడు. వారానికోసారి బయటికి తీసే ఆటబొమ్మలా కాకుండా, రోజూ డ్యూటీకి వేసుకెళ్లడానికే అసలు సిసలు పెర్ఫార్మెన్స్ కారు కొంటే తప్పేమిటన్నది అతని ప్రశ్న. యాభై లక్షల కారు కొనేవాళ్లు ఈ ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉండొచ్చు. లెక్క మాత్రం ఇరవై లక్షల టర్బో కారుకూ, నాలుగు లక్షల బైకుకూ ఒకటే.

ముందుగా ఆ కోరిక వెర్రిది కాదని ఒప్పుకోవాలి. స్పోర్ట్స్ కారును రోజువారీ బండిగా వాడటం ప్రపంచంలో పాత అలవాటే. 1960ల నుంచి పోర్షె 911 పేరు నిలబడిందే ఆ గుణం మీద: వెనక నామమాత్రపు సీట్లు, ముందు సామాన్లకు కాస్త చోటు, ఆఫీసుకు పోయి రావచ్చు, సెలవునాడు ట్రాక్ ఎక్కించవచ్చు. 1990లో హోండా ఎన్ఎస్ఎక్స్ తెచ్చినప్పుడు కూడా ఇదే మాట చెప్పింది, ఖరీదైన వేగపు కారు మొండికేయకుండా రోజూ స్టార్ట్ కావచ్చని. ఇంకా చవకగా, 1976లోనే ఫోక్స్‌వ్యాగన్ తన మామూలు గోల్ఫ్‌లో గట్టి ఇంజన్ పెట్టి జీటీఐ అని పేరు పెట్టింది. ఆ జీటీఐ మన దేశానికి 2025 మే నెలలో వచ్చింది: 265 హార్స్‌పవర్, వంద అందుకోవడానికి ఆరు సెకన్లు, షోరూం ధర 53 లక్షలు. ఐదు సీట్లు, డిక్కీ, ఏసీ అన్నీ ఉన్నాయి. జర్మనీలోనో అమెరికాలోనో ఉన్న మనవాడు ఇలాంటి కారులో రోజూ ఆఫీసుకు పోతున్నాడంటే వింతేమీ లేదు. అక్కడ మంచు కాలానికి వేరే టైర్లు మార్చుకుంటారు, మిగతా ఏడాదంతా రోడ్డు కారుకు సహకరిస్తుంది. అందుకే స్పోర్ట్స్ కారు రోజూ వాడకానికి పనికిరాదని గుండుగుత్తగా అనేవారితో నాకు పేచీ ఉంది. ఏ రోడ్డు మీద, ఏ పనికి అన్నది చెప్పకుండా బండి గురించి తీర్పు చెప్పడం కుదరదు.

ఆ తీర్పు చెప్పడానికి పనికొచ్చే కొలబద్ద సింగరేణి వాళ్ల దగ్గరే ఉంది. ఓపెన్‌కాస్టులో డంపరును దాని గరిష్ఠ వేగంతో ఎవరూ కొలవరు. రెండు లెక్కలు చూస్తారు. ఒకటి అందుబాటు: షిఫ్టు గంటల్లో రిపేరుకూ మెయింటెనెన్సుకూ పోగా బండి ఎన్ని గంటలు నడవడానికి సిద్ధంగా ఉంది? రెండోది వినియోగం: అదే షిఫ్టు గంటల్లో అది నిజంగా పనిచేసింది ఎన్ని? బొగ్గు పరిశ్రమకు ప్రమాణాలు కట్టే రాంచీలోని సీఎంపీడీఐ డంపరుకు పెట్టిన గీత అందుబాటు 67 శాతం, వినియోగం 50 శాతం. కోట్ల రూపాయల యంత్రం కొన్నవాడు కూడా అది మూడో వంతు కాలం షెడ్డులో ఉంటుందని ముందే లెక్క వేసుకుంటాడన్నమాట. లెక్కలో రాకపోయినా పిట్టులో అందరికీ తెలిసిన మూడో సంగతి లోడు. వంద టన్నుల డంపరులో ముప్పై టన్నులు పోసి రోజంతా తిప్పితే గంటల లెక్కలో వినియోగం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. డీజిలు కాలుతుంది, టైరు అరుగుతుంది, ఆపరేటరుకు జీతం పడుతుంది. మట్టి మాత్రం కదలదు. అలాంటి నివేదిక చూసిన ప్రాజెక్టు ఆఫీసరు ఆపరేటరును మెచ్చుకోడు, ఇక్కడికి ఈ బండిని ఎవరు పంపారని అడుగుతాడు. రోజూ డ్యూటీకి పోయే స్పోర్ట్స్ కారు మీద నా అభ్యంతరం సరిగ్గా ఇదే.

లోడు లెక్క చూద్దాం. మామూలు కారు ఒకటి చదునైన రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్ల నిలకడ వేగంతో పోతూ గాలినీ, టైర్ల రాపిడినీ నెట్టుకుపోవడానికి కావలసింది 10 నుంచి 15 హార్స్‌పవర్. మిగతాదంతా వేగం అందుకునే కాసేపటికీ, ఎత్తు ఎక్కడానికీ. 265 హార్స్‌పవర్ ఇంజనుకు నిండా పని చెప్పాలంటే ఆరు సెకన్లలో వంద దాటించాలి. దాటాక ఎక్కడికి? నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు 2018లో కేంద్రం నోటిఫై చేసిన గరిష్ఠ వేగమే వంద, మున్సిపల్ హద్దుల్లో 70. గోదావరిఖనిలో డ్యూటీ దారి ఎలాంటిదో ఇక్కడి పాఠకులకు చెప్పక్కర్లేదు. యైటింక్లయిన్ కాలనీ నుంచో, గాంధీనగర్ నుంచో, సెంటినరీ కాలనీ నుంచో బాయి మీదికి దూరం ఐదు నుంచి పదిహేను కిలోమీటర్లు. పొద్దున ఏడు, మధ్యాహ్నం మూడు, రాత్రి పదకొండు. ఈ మూడు వేళలకు అటూఇటూ అరగంట రోడ్డంతా దిగే షిఫ్టు, ఎక్కే షిఫ్టు. మధ్యలో బొగ్గు లారీలు, ఎన్టీపీసీ బూడిద లారీలు, స్కూలు ఆటోలు, వరి కోతల కాలంలో సగం రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. రాజీవ్ రహదారి ఎక్కితే కొంత ఊపిరి ఆడుతుంది కానీ అక్కడా ప్రతి ఊరి దగ్గరా క్రాసింగే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఫార్ములా ఈ రేసు పెట్టినప్పుడు హుస్సేన్‌సాగర్ ఒడ్డున మూడు కిలోమీటర్లు కూడా లేని చుట్టు కోసం నగరం నడిబొడ్డు రోడ్డును ప్రత్యేకంగా సిద్ధం చేసి, అడ్డుగోడలు కట్టాల్సి వచ్చింది. వేగపు కారుకు తగిన రోడ్డంటే అది. అంత శక్తి ఉన్న కారును మూడింటికి చౌరస్తాలో బూడిద లారీ వెనక మొదటి గేరులో పాకించడమంటే, వంద టన్నుల డంపరులో ముప్పై కూడా కాదు, పది టన్నులు పోసినట్టే.

ఇక అందుబాటు. కారు టైరు పక్కన రాసి ఉండే అంకెలు ఒకసారి వంగి చదవండి, కథ అక్కడే దొరుకుతుంది. 911 కారెరా ఎస్ ముందు టైరు మీద 245/35 అని ఉంటుంది. మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. అంటే ఆ గోడ 86 మిల్లీమీటర్లు. మామూలు చిన్న కారు టైరు 185/65 అనుకుంటే గోడ 120 మిల్లీమీటర్లు. తేడా 34 మిల్లీమీటర్లు, రెండు వేళ్ల మందం. వానాకాలంలో నీళ్లు నిండి లోతు తెలియని గుంతలో చక్రం పడ్డప్పుడు రిమ్ముకూ రోడ్డు అంచుకూ మధ్య నిలబడేది ఆ రెండు వేళ్ల రబ్బరే. పల్చటి టైరు పెట్టింది మలుపులో కారు పట్టు తప్పకుండా ఉండటానికి. ఆ పని అది గొప్పగా చేస్తుంది. గుంతలో పడి రిమ్ము వంగితే తప్పు దానిది కాదు. స్పీడ్ బ్రేకర్ దగ్గరా అదే కథ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, అడ్డంగా వెడల్పు 3.7 మీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో నిమ్మళంగా ఎక్కి దిగేలా వేసిన లెక్క అది. మన కాలనీల్లో తారు పోసి, పారతో సర్ది, రాత్రికి రాత్రి కట్టే గట్టుకు ఆ ప్రమాణంతో చుట్టరికం లేదు. అది ఎత్తు ఎక్కువ, వెడల్పు తక్కువ. స్పోర్ట్స్ తరహా కార్ల అడుగు నేలకు 110 నుంచి 140 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, అదీ ఖాళీగా ఉన్నప్పుడు. నలుగురు ఎక్కితే ఇంకా దిగుతుంది. ఆ కారు ఈ గట్టు మీద కడుపు రాసుకోకుండా పోవాలంటే డ్రైవరు పాము నడకలో, ఏటవాలుగా, వెనక హారన్లు మోగుతుండగా దాటించాలి. రోజుకు రెండుసార్లు, ఒక్కో దారిలో పది పన్నెండు గట్లు.

దీనికి బొగ్గు పొడి, ఎండ తోడవుతాయి. మే నెలలో రామగుండంలో 45 డిగ్రీలు దాటడం వార్త కూడా కాదు. గట్టి టర్బో ఇంజనుకు చల్లగాలి ప్రాణం. దాన్ని చల్లార్చే రేకులన్నీ కారు ముక్కు కింద, సరిగ్గా రోడ్డు దుమ్ము లేచే ఎత్తులో ఉంటాయి. బూడిద, బొగ్గు పొడి అక్కడ పేరుకుంటే ఇంజను తనంతట తానే శక్తి తగ్గించుకుంటుంది. కంప్యూటరు దాన్ని కాపాడుతుంది, కొన్న శక్తి మాత్రం మీకు అందదు. ఇవన్నీ శుభ్రం చేయించుకోవచ్చు, నిజమే. కానీ విదేశాల నుంచి నిండు బండిగా దిగుమతయ్యే కారుకు రిమ్మో, సస్పెన్షన్ భాగమో పోతే పని హైదరాబాద్‌లో. ఇక్కడి నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైనే. భాగం సముద్రం దాటి రావాల్సి ఉంటే వారాలు. ఆ వారాల పాటు డ్యూటీకి పోయేది పాత బైకు మీదే. 67 శాతం అందుబాటు డంపరుకు సరిపోతుందేమో, రాత్రి పదకొండు గంటల షిఫ్టుకు మస్టరు పడాల్సిన మనిషికి సరిపోదు.

దీనికి వచ్చే మొదటి జవాబు, బలమైనది కూడా, ఇది: మా చెమట డబ్బు, మా ఇష్టం, మీకెందుకు? పైకప్పు కింద, మసక వెలుతురులో, నడుములు విరిగే పనిచేసి తెచ్చుకున్న డబ్బుకు ఇతరులు నీతులు చెప్పడం నాకూ గిట్టదు. కార్మికుడు కారు కొంటే దుబారా, కాంట్రాక్టరు కొంటే హోదా అనే చూపు ఈ ప్రాంతంలో ఇంకా ఉంది. అది కుళ్లుబోతుతనం, ఆర్థికశాస్త్రం కాదు. హోదా కోసం కొన్న కారుకు మన చరిత్రలో పెద్ద ఉదాహరణ కార్మికుడిది కాదు, రాజుది. ఆరో నిజాం ఆర్డరిచ్చి, ఆయన పోయాక చేరిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సింహాసనం కారు దర్బారు సందర్భాలకు తప్ప పెద్దగా తిరగకుండానే చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు నిలిచింది. నిజాం సర్కారే 1945లో సింగరేణిలో పెద్ద వాటా కొన్నది. అది మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది. కాబట్టి నా వాదం ఇష్టం మీద కాదు, లెక్క మీద. 53 లక్షల కారు మీద తెలంగాణలో జీవితకాల పన్ను తక్కువలో తక్కువ 18 శాతం వేసుకున్నా తొమ్మిదిన్నర లక్షలు. సగటు లాభాల వాటాతో చూస్తే బండి కదలకముందే దాదాపు ఐదు దసరాలు పన్నుకే పోయాయి. మిగిలిన దానిలో 40 లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్లకు తెస్తే నెల కిస్తీ 64 వేలు దాటుతుంది. సింగరేణి జీతం చీటీ చూస్తే బ్యాంకులు వెనకాడవు; బ్యాంకు ఇవ్వని మిగతాది ఇవ్వడానికి గిరిగిరి వడ్డీ వాళ్లు కాచుకునే ఉంటారు. ఇంత పెట్టినవాడు తన ఇష్టానికి తగిన ఆనందం పొందితే నాకు మాట లేదు. పొందలేడన్నదే నా బాధ. ఆ ఆనందం రోడ్డు ఇవ్వాలి, ఈ రోడ్డు ఇవ్వదు.

రెండో జవాబు భద్రత. ఖరీదైన కారుకు బ్రేకులు గట్టివి, ఎయిర్‌బ్యాగులు ఎక్కువ, లారీని దాటేటప్పుడు చటుక్కున ముందుకు దూకుతుంది కాబట్టి ఎదురు వరుసలో ఉండే సమయం తగ్గుతుంది అంటారు. మంథని వైపు రెండు వరుసల రోడ్డు మీద ఈ చివరి మాటలో నిజం ఉంది, కొట్టిపారేయను. అయితే అందుకు 265 అక్కర్లేదు, 110 హార్స్‌పవర్ ఉన్న తేలిక కారు చాలు. బ్రేకులు, ఎయిర్‌బ్యాగుల విషయానికొస్తే 2023 అక్టోబరులో భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలు మొదలయ్యాక ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న నెక్సాన్, ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ లాంటివి స్పోర్ట్స్ కారు ధరలో నాలుగో వంతుకే దొరుకుతున్నాయి. అసలు ప్రమాదం మరోచోట ఉంది. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, ప్రతి పదిమందిలో ఏడుగురి చావుకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ లెక్క. వేగం రెట్టింపైతే ఢీకొట్టే శక్తి నాలుగింతలు. రాత్రి షిఫ్టు దిగి, పొద్దున ఏడింటికి, కళ్లు మండుతుండగా స్టీరింగు పట్టే మనిషికి ఒక్క సెకను కునుకు పడితే గంటకు 50 వేగంలో కారు 14 మీటర్లు పోతుంది, వందలో 28 మీటర్లు. అలాంటి మనిషి కాలికింద ఆరు సెకన్లలో వంద అందుకునే ఇంజను ఉండాలా? ఇంకొకటి, ఓపెన్‌కాస్టులో తిరిగే జీపులకు పొడుగాటి కర్రకు జెండా కట్టడం చూసే ఉంటారు. పైన క్యాబిన్‌లో కూర్చున్న డంపర్ ఆపరేటరుకు చక్రాల దగ్గరి జీపు కనపడదు కాబట్టి. పిట్టు దాటి బయటి రోడ్డెక్కినా లారీ డ్రైవరు కళ్లు అవే. 911 మొత్తం ఎత్తు 1.3 మీటర్లు, మనిషి భుజం దాకా కూడా రాదు. ఆ కారుకు జెండా ఎవరు కడతారు?

మరి కొని, ఇంట్లో పెట్టుకుని, ఆదివారం ఆదివారం తీస్తే? అది మరీ నష్టం. నిలబెట్టిన కారుకు బ్యాటరీ పడిపోతుంది, టైరు ఒకేచోట నొక్కుకుపోతుంది, పెట్రోలు పాతబడుతుంది. అందుబాటు తొంభై శాతం, వినియోగం రెండు శాతం. రోజూ నడిపేవాడే స్పోర్ట్స్ కారుకు అసలైన యజమాని అని ప్రపంచమంతా అనేది ఇందుకే, ఆ మాటతో నాకు విభేదం లేదు. పైగా సైకిళ్ల కాలంలో కట్టిన క్వార్టర్ల ముందు రేకుల షెడ్డు వేసి అంత కారును కాపలా కాయడం ఇంకో డ్యూటీ.

ఏది కొనాలో కూడా చెప్పకపోతే వాదం సగమే. నాలుగు మీటర్లలోపు పొడవు, లీటరు టర్బో ఇంజను, 100 నుంచి 120 హార్స్‌పవర్, 165 మిల్లీమీటర్లకు తగ్గని అడుగు ఎత్తు, గోడ ఎత్తున్న టైర్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి చిన్న పెట్రోలు కార్ల మీద జీఎస్టీ 18 శాతం, పెద్ద వాటి మీద 40. బరువు తక్కువ కారులో ఆ 110 హార్స్‌పవర్‌ను మీరు నిజంగా వాడతారు. రాజీవ్ రహదారి ఎక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పెడల్ అడుగంటా నొక్కి దాని గొంతు వింటారు. శక్తి చేతిలో ఉండటానికీ, శక్తిని వాడటానికీ ఉన్న తేడా స్టీరింగు పట్టినవాడికి తెలుస్తుంది. రేసు ముచ్చట ఇంకా తీరకపోతే, ట్రాక్ ఉన్న చోటికి పోయి ఒకరోజు డబ్బు కట్టి తనివితీరా తిప్పుకోవచ్చు. ఏడేళ్ల కిస్తీలో ఒక నెలది కూడా కాదు ఆ ఖర్చు. ఇక కాలనీ రోడ్ల మీది గట్లను కొలత ప్రకారం మళ్లీ వేయాలని కార్పొరేషన్‌ను, కంపెనీని అడగటం కారు ఉన్నవాడికీ లేనివాడికీ పనికొచ్చే డిమాండు. స్కూటరు మీద నడుము నొప్పితో పోయే మనిషి ఆ గట్టు దగ్గర పడే బాధ స్పోర్ట్స్ కారు పడేదానికంటే పెద్దది.

ఈ దసరాకు ఏ కారు చూసినా ఒక్క పని చేయండి. టెస్ట్ డ్రైవ్‌ను షోరూం ముందు నున్నటి రోడ్డు మీద ఒప్పుకోవద్దు. మధ్యాహ్నం రెండున్నరకు బండిని మీ కాలనీకి తెప్పించుకోండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని మీ వీధి గట్టు మీదుగా, చౌరస్తా మీదుగా బాయి గేటు దాకా పోయి, షిఫ్టు దిగిన జనంతో పాటు వెనక్కి రండి. అడ్వాన్సు ఆ తర్వాత కట్టండి.